ఒంటి రింగు బడి

మా కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టులో ఎవరికీ సొంత పేర్లు ఉండేవి కావు. చేరిన తొలిరోజు పీడీ సారు మైదానం గట్టు మీద కూర్చుని "ఏ ఊరు మా? ఏ బళ్లో ఆడినావు?" అని అడిగేవాడు. ఏ ఊరు చెబితే ఆ పూట నుంచి అదే పేరు. నేను రేణిగుంట. మా కెప్టెన్ పలమనేరు. అందరికన్నా పొడుగ్గా ఉండే పిల్ల నగరి. ఎవరి వేలు బెణికినా "మా ఊరికి రా మే, కట్టు కట్టించి పంపిస్తా" అని ఆశపెట్టే పిల్ల ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరు అని వేరే చెప్పనక్కర్లేదు. సాయంత్రం తిరుపతి ఎండ కాస్త దిగాక మేం "పలమనేరూ, ఇటు! నగరీ, నగరీ!" అని గొంతులు చించుకుంటూ ఆడుతుంటే గోడవతల ఆటోల వాళ్లు "లోపల బస్టాండు పెట్టినారేమబ్బా" అని నవ్వుకునేవాళ్లు.

సారు మాత్రం నవ్వేవాడు కాదు. "పేరు మీ అమ్మానాయన పెట్టింటారు. మీకు ఆట నేర్పించింది మీ బడి. కోర్టులో ఉండేంతసేపు బడి పేరే" అనేవాడు.

అందుకే మాకు ఇంకో ఆనవాయితీ ఉండేది. ఆఖరి సంవత్సరంలో ఉన్న ప్రతి పిల్లా ఒక ఆదివారం జట్టునంతా తను చదివిన బడికి తీసుకుపోవాలి. ఆ రోజుకు కెప్టెన్ తనే. అక్కడి పిల్లలతో ఒక ఆట ఆడి, వాళ్లు పెట్టింది తిని రావాలి. దానికి మేం పెట్టుకున్న పేరు బడిచూపులు. పెళ్లిచూపుల మాదిరే ముందురోజు నుంచి గుండె దడగా ఉండేది. మా బడి రైలు పట్టాల పక్కనే. బంతి గోడ దాటిందంటే గూడ్సు బండి మొత్తం పోయేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి. నగరిలో మగ్గాల చప్పుడు ఒక్క నిమిషం ఆగదు, పిల్లలు సగం తెలుగూ సగం అరవమూ కలిపి మమ్మల్ని తిట్టి మరీ ఓడించారు. పలమనేరులో చలికి బంతి చేతిలో నిలవలేదు. మేం ఎక్కడికి పోయినా ఆ ఊరి పిల్ల అక్కడ ఇంకోలా ఉండేది. కోర్టులో ఎవరి మాటకూ ఎదురు చెప్పని పుత్తూరు, వాళ్ల బళ్లో అడుగు పెట్టగానే మా అందరికీ ఆజ్ఞలు జారీ చేసింది. నాకు ఒళ్లు మండింది గానీ, చూడముచ్చటగా కూడా ఉండింది.

బడిచూపులకు ఎంతకీ పిలవని పిల్ల ఒకతే. కార్వేటినగరం.

నిజానికి ఆమెది కార్వేటినగరం దాటి ఇంకా లోపలికి పోయే ఒక పల్లె. బస్సు బోర్డు మీద ఉండే పేరే ఆమెకు ఖాయమైంది. మా ఇద్దరిదీ ఒకటే దారి కాబట్టి శనివారాలు ఒకే బస్సెక్కేవాళ్లం. నేను రేణిగుంటలో దిగిపోతే ఆమె వడమాలపేట, పుత్తూరు మీదుగా చీకటి పడేదాకా పోవాలి. మాట తక్కువ. ఆట మాత్రం చూసి తీరాల్సిందే. రింగుకు కుడి పక్క నుంచి ఎడమచేత్తో వేసిందంటే బంతి రింగు వెనక పలకకు తగిలి, వేరే దారి లేనట్టు లోపలికి పడేది.

ఒక్కటే తంటా. బాస్కెట్‌బాల్ కోర్టుకు ఈ కొసన ఒక రింగు, ఆ కొసన ఒక రింగు ఉంటాయి. ఒకటి మనం కాపాడుకునేది, రెండోది మనం బంతి వేయాల్సింది. మన రింగు కింద బంతి దొరికిందంటే ఇక వెనక్కి చూడకుండా ఆ కొసకు పరుగెత్తాలి. కార్వేటినగరం అలా చేసేది కాదు. బంతి పట్టుకుని రింగు ముందున్న అర్ధచంద్రాకారపు గీత దాకా పోయి, గీత మీద కాలు పెట్టి, గిరుక్కున మన రింగు వైపే తిరిగేది. అంతలోనే గుర్తొచ్చి, నాలుక కరుచుకుని మళ్లీ ముందుకు పరుగెత్తేది. ఆ రెండు క్షణాల్లో ఎదుటివాళ్లు వచ్చి మీద పడేవాళ్లు. "వెనక్కి యాడికి పోతావు మా? ఎవరన్నా పిలుస్తా ఉండారా ఆడ?" అని సారు అరిచేవాడు. ఆమె జెర్సీ మెడ అంచు కొరుక్కుంటూ నిలబడేది. తొలి ఏడాదిలో ప్రతి ఆటలోనూ అంతే. మూడో ఏడాదికి ఎప్పుడో గానీ జరిగేది కాదు.

బడిచూపుల మాట ఎత్తితే మాత్రం ఏదో ఒక సాకు. ఒకసారి పరీక్షలు, ఒకసారి ఊళ్లో జాతర, ఒకసారి గోడ కడుతున్నారు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఒకరోజు బస్సులో అడిగేశాను. "మీ పక్క రాజుల కోటుండాదని మీ బడికి గూడా పరదాలు కట్టినారా మే? మేం సూస్తే మైలపడతాదా?"

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ "పోదాంలే" అంది. అంతే.

ఆమెకు ఆట నేర్పింది వాళ్ల బడి డ్రిల్లు మేడం. ఆ మేడం పెళ్లి చేసుకోలేదు, ఆ ఒక్క బళ్లోనే ఏళ్ల తరబడి పనిచేసింది. కార్వేటినగరం వాళ్లమ్మా నాయనా మామిడి తోటల్లో కూలికి పోయేవాళ్లు. ఆడపిల్ల నిక్కరేసుకుని ఎగరడమేందని వాళ్ల నాయన అడ్డం పడితే, మేడం ఇంటికి పోయి గడపలో కూర్చుని "నేనెగరలేదా అప్పా, నాకేమన్నా అయిందా?" అని అడిగిందట. ఆయన పక్కకు తప్పుకున్నాడు. కాలేజీలో ఎంపికలప్పుడు పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది కూడా ఆమే. గుడ్డసంచీ ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. మమ్మల్నందరినీ మగపెళ్లివాళ్లను చూసినట్టు చూసింది.

మా ఆఖరి సంవత్సరంలో ఆ మేడానికి జబ్బు చేసింది. పేరు చెప్పడానికి కూడా ఎవరూ ఇష్టపడని జబ్బు. తిరుపతిలో పెద్దాసుపత్రిలో చేర్చారు. మేడం చెల్లెలు తోడుండేది. ప్రాక్టీసు అయిన వెంటనే కార్వేటినగరం చెమట బట్టల మీదే చున్నీ కప్పుకుని, హాస్టల్లో మిరియాల చారు కాయించుకుని ఆసుపత్రికి పోయేది. ఒక సాయంత్రం నేనూ వెంట పోయాను.

మెట్ల మీద చూసిన మనిషి కాదు. మంచంలో ఇంత కూడా లేదు. గొంతు కూడా బొంగురు పోయింది. కళ్లు మాత్రం అవే.

"మా బడి సూసినావా మా?" అని అడిగింది నన్ను.

"యాడ మేడం! ఇది తీసకపోతే గదా."

ఆమె శిష్యురాలి వైపు చూసి నవ్వింది. "ఏం మొగం పెట్టుకోని తీసకపోతాది పాపం. ఆడుండేది ఒగటే రింగు."

కార్వేటినగరం తల వంచుకుని చారు గ్లాసులో పోస్తూ ఉంది. మేడమే చెప్పింది. మొదట్లో రెండు రింగులూ ఉండేవట. పిల్లలు ఎక్కువయ్యారు, కూర్చోవడానికి చోటు లేదు. మైదానంలో ఒక కొసన గదులు కట్టారు. ఆ పక్క స్తంభం తీసేశారు. "గదులు వద్దంటామా? సదువు ముందు గదా. మిగిలిన సగంలోనే ఆడించినా" అంది. ఒకే రింగుకు రెండు జట్లూ వేయాలి కాబట్టి వాళ్లకొక నియమం. బంతి ఎవరి చేతికి చిక్కినా ముందు గీత దాకా పోయి, గీత తొక్కి, మళ్లీ తిరిగి వచ్చి అదే రింగులో వేయాలి. "పిల్లోల్లు ఆత్రంలో మర్సిపోతారు. ఎవురు బాలు పట్టినా 'గీత తొక్కి రా' అని నేనరస్తా ఉండాల. అరిసి అరిసి ఇదో, ఈ గొంతే మిగిలింది."

మూడేళ్లుగా మేం నవ్విన ఆ రెండు క్షణాలు ఏమిటో అప్పుడు తెలిసింది.

మేడం కాసేపు ఊపిరి పీల్చుకుని, నా చేయి పట్టుకుంది. "నిండు కోర్టులో ఇదెట్లాడతాదో నేను సూడనే లేదు మా. నేను నేర్పించింది సగమే. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఇది పరిగెత్తేది ఒగసారి సూడాల. ఇంగ నాకేం వద్దు."

బయటికొచ్చాక రోడ్డు మీద కార్వేటినగరం ఒక్క మాటే అంది. "మేడానికి గెలుపు సూపించాల మే. ఎట్లయినా సరే." ఆ పిల్ల తనకు ఏదైనా కావాలని అనగా నేను విన్నది అదొక్కసారే.

కాలేజీల మధ్య పోటీలు ఆ ఏడు మా మైదానంలోనే జరిగాయి. ఫైనల్ దాకా వచ్చామంటే సగం చలవ ఆ పిల్లదే. డాక్టరును బతిమాలుకుంటే "కాసేపైతే తీసకపొండి" అన్నాడు. ఆ సాయంత్రం ఆటో నేరుగా మైదానంలోకే వచ్చింది. పీడీ సారు తన గదిలోంచి మెత్త కుర్చీ తెప్పించి కోర్టు అంచు పక్కనే వేయించాడు. చెల్లెలు మేడానికి శాలువా కప్పి కూర్చోబెట్టింది. కార్వేటినగరం వచ్చి వంగి కాళ్లకు దండం పెట్టి, మాట్లాడకుండా కోర్టులోకి పరుగెత్తింది.

ఆ రోజు ఆమె ఆట గురించి ఎంత చెప్పినా తక్కువే. బంతి చేతికి రాగానే కోర్టు చీలి దారి ఇచ్చినట్టుండేది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. నేను ఆడుతూనే మధ్యమధ్య కుర్చీ వైపు చూశాను. మేడం తల ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతూనే ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. పసిపిల్ల రంగులరాట్నం చూసినట్టు చూస్తోంది. నాకు కళ్లు మసకలయ్యాయి. ఒక పాసు వదిలేసి సారు చేత చీవాట్లు తిన్నాను.

ఆట అయిపోవస్తోంది. మేం ఒక్క పాయింటు ముందున్నాం. ఎదుటి పిల్ల మా రింగుకు వేసిన బంతి గురి తప్పింది. రింగు తగిలి పైకెగిరిన బంతిని కార్వేటినగరం గాల్లోనే అందుకుంది. ఇక చేయాల్సిందేమీ లేదు. పట్టుకుని నిలబడితే చాలు, గెలిచినట్టే. మా వాళ్లు అప్పుడే కేకలు మొదలుపెట్టారు. బయట డప్పులు మోగుతున్నాయి.

అప్పుడే కుర్చీలోంచి వినబడింది. "గీత తొక్కి రా పాపా!"

ఆ బొంగురు గొంతులోంచి అంత కేక ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. కుర్చీకి దగ్గర్లోనే ఉన్నాను కాబట్టి విన్నాను. ఆ పిల్లా విన్నది. చిన్నప్పటి నుంచి విన్న కేక కదా. ఆలోచించుకునేంత వ్యవధి లేదు, కాళ్లే ముందు విన్నాయి. గీత దాకా పోయింది. కాలు పెట్టింది. తిరిగింది. ఎదుటి పిల్లలు అడ్డం రావాలని కూడా తోచక చేతులు దించుకుని నిలబడిపోయారు. కుడి పక్క నుంచి, ఎడమచేత్తో. బంతి పలకకు తగిలి లోపలికి పడింది.

మా రింగులోనే.

విజిల్ మోగింది. పాయింట్లు వాళ్లకు. ఒక్క పాయింటుతో మేం ఓడిపోయాం.

డప్పులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఒక్క మనిషి చప్పట్లు కొడుతోంది. శాలువాలోంచి రెండు సన్నటి చేతులు బయటపెట్టి, మేడం.

తర్వాత ఒకటే గోల. ఎదుటి జట్టు ఎగురుతోంది. నగరి వచ్చి "తలకాయుండాదా నీకు?" అని ఆమె భుజం పట్టి ఊపేసింది. పలమనేరు కోర్టు మధ్యలో కూలబడింది. సారు మొహం నల్లబడిపోయింది. "ఏమయింది మా నీకు?" అని మాత్రం అడిగాడు. నేను ఒంటికాలి మీద లేచాను. ఆమె మీద కాదు, వాళ్లందరి మీద. ఏం జరిగిందో చెప్పేయబోయాను. కార్వేటినగరం నా వైపు చూసి "గమ్మున ఉండు" అంది, పెదాలు కూడా సరిగ్గా కదలకుండా. తర్వాత సారుతో "నాదే తప్పు సార్. మర్సిపోయినా" అంది.

జెర్సీ అంచుతో మొహం తుడుచుకుని కుర్చీ దగ్గరికి పోయింది. వెనకే మేమూ పోయాం.

మేడం ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "గెల్చినాం గదా పాపా?"

"గెల్చినాం మేడం."

"మరి ఆ పిల్లోల్లెందుకట్లా ఎగరతా ఉండారు?"

కార్వేటినగరం వంగి జారిన శాలువా సర్దింది. వెనక నుంచి కెప్టెన్ పలమనేరు, అంతకు ముందు నిమిషం దాకా కోర్టు మధ్యలో కూలబడి ఉన్న పిల్ల, ముందుకొచ్చి కింద కూర్చుంది. "ఫైనల్ దాకా వచ్చినారు గదా మేడం, ఆ సంతోషం. ఆఖరి బాస్కెట్ ఏసింది మీ పాపే" అంది. నగరి అటు తిరిగి నిలబడింది. మేడం మా అందరి మొహాలూ చూసి, నవ్వి, ఆటో ఎక్కింది.

ఆ ఆఖరి బాస్కెట్టును ఎవరో ఫోన్‌లో తీశారు. తెల్లారేసరికి ఊళ్లో గ్రూపులన్నింటిలో అదే. సొంత రింగులో వేసుకున్న పిల్ల అని నవ్వుకున్నారు. వీడియోలో డప్పుల మోత తప్ప ఏ కేకా వినబడదు. మెస్సులో ఎవరో ఆమె ముందే పెట్టి చూపించారు. ఆమె చూసి, ప్లేటు కడుక్కుని పోయింది. నోరు విప్పితే ఒక్క ముక్కతో ఆ నవ్వు ఆగిపోయేది. విప్పలేదు. నన్నూ విప్పనివ్వలేదు. నాలాంటి నోటిదురుసుదానికి అంత శిక్ష ఇంకోటి లేదు.

కొన్నాళ్లకు మళ్లీ ఆసుపత్రికి పోయాను. మేడం ఇంకా చిక్కిపోయింది. కార్వేటినగరం వేణ్ణీళ్లు తెస్తానని ఫ్లాస్కు పట్టుకుని కిందికి దిగింది. ఆమె అడుగుల చప్పుడు ఆగేదాకా ఆగి, మేడం నా వైపు తిరిగింది.

"ఆ పొద్దు ఓడిపోయినారు గదా మా."

నేను తలుపు వైపు చూశాను.

"ఆటోలో పోతా ఉంటే బుర్రకెక్కింది. అది మీ రింగు. నేనరిసినా, అది ఇన్నింది. మొదట్నించీ అంతే, నా మాట జవదాటదు." కళ్ల కొసల నుంచి నీళ్లు దిండు మీదికి జారుతున్నాయి. తుడుచుకునే ఓపిక లేదు, నేనే తుడిచాను. "నాకు తెలుసని దానికి చెప్పొద్దు. గెలుపు సూపించినానని అనుకోనీ. ఆ మాత్రం దానికి మిగలనీ."

ఫ్లాస్కుతో పిల్ల వచ్చేసింది. ఏం మాట్లాడుకుంటున్నారని అడిగింది.

"ఆఖరి బాస్కెట్ గురించి" అంది మేడం, నవ్వుతూనే.

మా పరీక్షలకు ముందే మేడం పోయింది.

పరీక్షలయ్యాక, హాస్టల్ ఖాళీ చేసే ముందు ఆదివారం, కార్వేటినగరం తనంతట తనే మా బడికి రాండని పిలిచింది. అందరం పోయాం. మామిడి తోటల మధ్య చిన్న బడి. మట్టి మైదానం. ఈ కొసన తుప్పు పట్టిన స్తంభం, దానికి వల లేని రింగు. ఆ కొసన తరగతి గదుల సున్నపు గోడ. నిక్కర్లు, లంగాలు, పైటలు బిగించిన ఓణీలు, రకరకాల పిల్లలు మాకోసం ఎదురు చూస్తున్నారు. వాళ్ల చేతిలో చిత్తుగా ఓడిపోయాం. మాకు గీత తొక్కడం గుర్తుండదు. నగరి అయితే బంతి చిక్కగానే అలవాటు కొద్దీ పొడుగు కాళ్లతో అటు పరుగెత్తి, గోడ దాకా పోయి, అక్కడ రింగు లేదని గుర్తొచ్చి నిలబడిపోయింది. పిల్లలు కిందపడి దొర్లి నవ్వారు. నగరి కూడా నవ్వింది. తర్వాత ఆ గోడ వైపే చూస్తూ, మా వైపు తిరగకుండా చాలాసేపు ఉండిపోయింది. తిరిగి వచ్చి కార్వేటినగరం భుజం మీద చేయి వేసింది.

భోజనాలయ్యాక ఆ స్తంభానికి ఆనుకుని నేనూ కార్వేటినగరమూ కూర్చున్నాం. ఎండ వాలింది. పిల్లలకు ఇంకా ఆశ తీరలేదు, మళ్లీ మొదలుపెట్టారు.

"అందురూ నవ్వినారు. నవ్వనీ" అంది ఆమె. "మేడం గెల్చినామనే అనుకోని పోయింది మే. నాకదే సాలు."

అబద్ధం ఆడటం నాకు చేతకాదు. ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. నేను ఆమె మొహం చూశాను. ఆసుపత్రి దిండు గుర్తొచ్చింది.

"ఔ మే" అన్నాను. "నాతో గూడా అదే చెప్పింది."

ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడాదంతా ఏడవగా నేను చూడలేదు. అంతలో రింగు తగిలిన బంతి ఎగిరి వచ్చి నా కాళ్ల దగ్గర పడింది. లేచి తీసుకున్నాను. ఇంత ఎత్తున్న ఒక పిల్ల మైదానం మధ్యలో నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, అచ్చం మేడం మాదిరే అరిచింది.

"గీత తొక్కి రా అక్కా!"

బంతి పట్టుకుని గీత దాకా పోయాను.